కరోనా వైరస్ నిరోధక ఔషధాల అన్వేషణ, రూపకల్పన: పశువైద్య పరిశోధన వేసిన పునాదులు

కోవిడ్-19 కారక వైరస్ జన్యుక్రమం 2020 జనవరి రెండవ వారంలో ప్రపంచానికి వెల్లడైంది. ఆ వైరస్‌ను ఉద్దేశించి రూపొందించిన పాక్స్‌లోవిడ్ మాత్రలకు 2021 డిసెంబరు 22న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అత్యవసర వినియోగ అనుమతిని మంజూరు చేసింది. ఒక నూతన ఔషధం ప్రయోగశాల నుండి రోగి వద్దకు చేరడానికి సాధారణంగా పదేళ్లకు పైగా పడుతుంది. అటువంటి కార్యం రెండేళ్లలోపే ముగియడం అద్భుతంగా కనిపించవచ్చును. అయితే ఈ పరిశోధన నిజానికి 2020లో ఆరంభమైనది కాదు. దాని మూలాలు పందిపిల్లల విరేచనాల వ్యాధిలోను, పిల్లులకు ప్రాణాంతకమైన ఉదరకోశ వ్యాధిలోను ఉన్నాయి. పశువ్యాధులపై ఓపికగా జరిగిన పరిశోధన మానవ ఔషధానికి ఏ విధంగా పునాది వేసినదీ, ఆ కృషి మధ్యలో ఆగినందువల్ల కలిగిన నష్టమేమిటో వ్యవసాయ, పశువైద్య విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

పశుపక్ష్యాదులలో కరోనా వైరస్‌లు

కరోనా వైరస్‌ల చరిత్ర కోళ్లతో మొదలైంది. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో కోడిపిల్లలకు సోకిన ఒక కొత్త శ్వాసకోశ వ్యాధిని 1931లో షాక్, హాన్ అనే శాస్త్రవేత్తలు వర్ణించారు. అదే నేడు కోళ్ల పరిశ్రమకు సుపరిచితమైన ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్. సూక్ష్మదర్శినిలో కిరీటం వలె కనిపించే ఈ వైరస్‌ల వర్గానికి ‘కరోనా’ అనే పేరు 1968లో స్థిరపడింది. పందులలో సంక్రమిత జఠరాంత్రశోథ, దూడలలో పారుడు, పిల్లులలో సాంక్రమిక ఉదరపొర శోథ మొదలగు వ్యాధులకు ఈ కుటుంబంలోని వైరస్‌లే కారణం. మానవులలో మాత్రం చాలాకాలం వరకు ఇవి జలుబుకు మించిన హాని చేయవనే భావన ఉండేది. 2002-03లో సార్స్ వ్యాధి 8,096 మందికి సోకి 774 మందిని బలిగొన్న తరువాతనే వైద్యరంగం వీటివైపు గంభీరంగా దృష్టి సారించింది. అప్పటికి ఈ వైరస్‌ల నిర్మాణం, గుణాల గురించి తెలిసిన విషయాలలో అధిక భాగం పశువైద్య శాస్త్రవేత్తలు సమకూర్చినదే.

మందుకు తగిన లక్ష్యం ఎంపిక

వైరస్‌కు స్వంత జీవక్రియ లేదు. అది ఆతిథేయి కణంలో ప్రవేశించి, ఆ కణపు యంత్రాంగాన్నే వాడుకొని వృద్ధి చెందుతుంది. కావున వైరస్‌ను అణచే మందు కణానికి కూడా చేటు చేసే ప్రమాదం ఎల్లప్పుడూ ఉంటుంది. వైరస్‌కు అత్యవసరమై, ఆతిథేయిలో అటువంటిది లేని భాగాన్ని గుర్తించడమే ఔషధ రూపకల్పనలో మొదటి మెట్టు.

కరోనా వైరస్ జన్యుపదార్థం సుమారు 30,000 అక్షరాల పొడవైన ఒంటిపోగు ఆర్.ఎన్.ఏ. ఇది కణంలో ప్రవేశించగానే, దానిలోని మూడింట రెండు వంతుల భాగం నుండి రెండు పొడవైన మాంసకృత్తు గొలుసులు తయారవుతాయి. ఈ గొలుసులను తగిన చోట్ల కత్తిరించినప్పుడే 16 వేర్వేరు మాంసకృత్తులు విడివడి తమ తమ పనులకు పూనుకుంటాయి. ఈ కత్తిరింపు పనిని వైరస్‌కు చెందిన రెండు ప్రోటియేజ్ ఎంజైమ్‌లు నిర్వహిస్తాయి. వాటిలో ‘ప్రధాన ప్రోటియేజ్’ అనేది 11 చోట్ల కోత వేస్తుంది. ఆ తరువాత పాలిమరేజ్ అనే ఎంజైమ్ వైరస్ ఆర్.ఎన్.ఏ.కు నకళ్లు తీస్తుంది.

ఈ రెండు ఎంజైమ్‌లు ఔషధ శాస్త్రవేత్తలను ఆకర్షించడానికి బలమైన కారణాలున్నాయి. ప్రధాన ప్రోటియేజ్ గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం తరువాత మాత్రమే కోత వేస్తుంది. సరిగ్గా ఈ విధంగా కత్తిరించే ఎంజైమ్ మానవ కణాలలో ఉన్నట్లు తెలియలేదు. ఆర్.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ.ను తయారుచేసే వైరస్ పాలిమరేజ్ వంటిది కూడా మానవ కణాల సాధారణ క్రియలలో భాగం కాదు. పైగా వైరస్ వెలుపలి ముల్లు మాంసకృత్తు తరచుగా ఉత్పరివర్తనలకు లోనవుతుండగా, ఈ అంతర్గత ఎంజైమ్‌లు పంది, పిల్లి, కోడి, మానవ కరోనా వైరస్‌లన్నింటిలోను చాలావరకు ఒకే పోలికతో ఉంటాయి. ఒక జంతువులోని వైరస్‌పై సాధించిన జ్ఞానం మరొక జీవిలోని వైరస్‌కు పనికివచ్చింది ఈ పోలిక వల్లనే.

పందుల వైరస్ చూపిన దారి

తాళానికి తగిన చెవిని తయారుచేయాలంటే ముందుగా తాళం లోపలి అమరిక తెలియాలి. ఎంజైమ్‌ను స్ఫటికంగా మార్చి, ఎక్స్-కిరణాలను ప్రసరింపజేసి, దానిలోని ప్రతి పరమాణువు స్థానాన్ని నిర్ణయించే పద్ధతి ఇందుకు తోడ్పడుతుంది. జర్మనీలో రోల్ఫ్ హిల్గెన్‌ఫెల్డ్ బృందం 2002లో ఒక కరోనా వైరస్ ప్రధాన ప్రోటియేజ్ నిర్మాణాన్ని మొదటిసారిగా వెల్లడించింది. అది మానవ వైరస్ ఎంజైమ్ కాదు. పందిపిల్లలలో విరేచనాలు కలిగించే జఠరాంత్రశోథ వైరస్‌కు చెందినది. కొద్ది నెలలకే సార్స్ బయటపడినప్పుడు ఈ పటం ఆధారంగానే సార్స్ ప్రోటియేజ్ నమూనాను నిర్మించి, జలుబు కలిగించే రైనోవైరస్ కోసం అప్పటికే తయారైన రూపింట్రివిర్ అనే అణువును మార్పులు చేసి సార్స్ మందును రూపొందించవచ్చునని ఆ బృందం 2003లో సూచించింది.

ఫైజర్ సంస్థ శాస్త్రవేత్తలు ఆ కాలంలోనే సార్స్ ప్రోటియేజ్‌ను అడ్డుకొనే ఒక శక్తిమంతమైన సమ్మేళనాన్ని తయారుచేశారు. అయితే 2003 జూలై నాటికి సార్స్ అదుపులోకి వచ్చింది. పరీక్షించడానికి రోగులు లేరు. కొనుగోలు చేసే విపణి కూడా లేదు. సమ్మేళనం అటకెక్కింది. పదిహేడేళ్ల తరువాత, 2020లో, కొత్త వైరస్ ప్రధాన ప్రోటియేజ్ అమైనో ఆమ్లాల క్రమంలో 96 శాతం పాత సార్స్ ఎంజైమ్‌ను పోలి ఉన్నదని తేలినప్పుడు ఆ సమ్మేళనాన్ని తిరిగి వెలికితీశారు.

అణువును మలచిన తీరు

పాత సమ్మేళనం వైరస్‌ను బాగా అణచినప్పటికీ దానికి ఒక పెద్ద లోపం ఉన్నది. ప్రేగుల నుండి అది రక్తంలోకి తగినంతగా చేరదు. కావున సిర ద్వారా ఎక్కించవలసినదే. ఇంటివద్ద ఉన్న రోగికి తొలి రోజులలోనే ఇవ్వవలసిన మందుకు ఇది పెద్ద ఆటంకం. నీటి అణువులతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచే భాగాలు ఆ అణువులో అధికంగా ఉండడం ఇందుకు ఒక కారణంగా గుర్తించి, శాస్త్రవేత్తలు ఒక్కొక్క భాగాన్ని మార్చుతూ వచ్చారు.

ఈ మార్పులను పరిశీలిస్తే ఔషధ రూపకల్పన పాత జ్ఞానంపై ఎంతగా ఆధారపడునో బోధపడుతుంది. గ్లుటమిన్‌ను అనుకరించి ఎంజైమ్ సందులో చక్కగా ఇమిడే వలయాకార భాగం రూపింట్రివిర్ నాటినుండి తెలిసినదే. దాని పక్కనున్న దృఢమైన జంటవలయ భాగం హెపటైటిస్-సి మందు బోసెప్రెవిర్‌లో ఉన్నటువంటిది. ఎంజైమ్‌లో 145వ స్థానంలో ఉన్న సిస్టీన్ అమైనో ఆమ్లంతో బంధం ఏర్పరచుకొనే కొనకు నైట్రైల్ సమూహాన్ని ఎంచుకున్నారు. ఈ బంధం గట్టిదే అయినా శాశ్వతం కాదు, తిరిగి విడివడగలదు. ఈ విధంగా రూపుదిద్దుకున్న నిర్మాట్రెల్విర్‌ను 2020 జూలైలో తొలిసారిగా సంశ్లేషించారు.

అయినను మరొక సమస్య మిగిలింది. కాలేయంలోని ఒక ఎంజైమ్ ఈ మందును శీఘ్రంగా విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఎంజైమ్‌ను నిరోధించే రిటోనవిర్‌ను స్వల్ప మోతాదులో జతచేయడంతో నిర్మాట్రెల్విర్ రక్తంలో ఎక్కువ సేపు నిలిచింది. ఈ రెండింటి కలయికే పాక్స్‌లోవిడ్. టీకా తీసుకోని, వ్యాధి ముదిరే ముప్పు అధికంగా ఉన్నవారికి లక్షణాలు కనిపించిన మూడు రోజులలోపు ఇచ్చినప్పుడు ఆసుపత్రి చేరికలు, మరణాలు 89 శాతం తగ్గినట్లు పరీక్షలలో తేలింది. అయితే రిటోనవిర్ ఇతర మందుల విచ్ఛిన్నాన్ని కూడా అడ్డుకుంటుంది. గుండె జబ్బులు, మూర్ఛ మొదలైన వాటికి మందులు వాడుతున్నవారి విషయంలో వైద్యులు ప్రత్యేక జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

పాత అణువును మలచడమొక్కటే మార్గం కాదు. జపాన్‌కు చెందిన షియోనోగి సంస్థ, హొక్కైడో విశ్వవిద్యాలయం కలిసి కంప్యూటర్ సాయంతో అనేక సమ్మేళనాలను ఎంజైమ్ నిర్మాణంలో ఇమిడ్చి చూసి, అనువైన వాటిని ప్రయోగశాలలో పరీక్షించి, మెరుగుపరచి ఎన్సిట్రెల్విర్‌ను రూపొందించాయి. ఇది ఎంజైమ్‌తో రసాయనిక బంధం లేకుండానే దానిని అడ్డగిస్తుంది. దీనికి 2022 నవంబరులో జపాన్ ప్రభుత్వం అత్యవసర అనుమతినిచ్చింది. ఈ మార్గానికి కూడా ఎంజైమ్ పటమే ఆధారం.

నకలు తీసే యంత్రాన్ని మోసగించే మందులు

పాలిమరేజ్‌ను అడ్డుకొనే మందులు వైరస్ ఆర్.ఎన్.ఏ.లోని అక్షరాలను అనుకరించే నకిలీ అక్షరాలు. రైతు మంచి విత్తనమని నమ్మి నాసిరకం విత్తనాన్ని నాటినట్లుగా, పాలిమరేజ్ వీటిని అసలు అక్షరాలుగా భావించి కొత్త గొలుసులో చేర్చుకుంటుంది. అయితే కరోనా వైరస్‌లకు ఇతర ఆర్.ఎన్.ఏ. వైరస్‌లలో సాధారణంగా కనిపించని ఒక రక్షణ ఉన్నది. తప్పుగా చేరిన అక్షరాన్ని గుర్తించి తొలగించే దిద్దుబాటు ఎంజైమ్ వీటికి ఉంటుంది. ఇటువంటి అనేక మందులు కరోనా వైరస్‌లపై పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

రెమ్డెసివిర్ ఈ కాపలాను కొంతవరకు తప్పించుకుంటుంది. అది గొలుసులో చేరిన వెంటనే పని ఆగదు. మరి మూడు అక్షరాలు చేరిన తరువాత ఆగుతుంది. అప్పటికి నకిలీ అక్షరం లోపలికి జరిగిపోవడం వల్ల దిద్దుబాటు కష్టమవుతుంది. ఎబోలా రోగులపై దీనిని పరీక్షించగా ప్రతిరక్షక మందులకంటె వెనుకబడినది. కాని సార్స్, మెర్స్ వైరస్‌లతోపాటు గబ్బిలాలలోని కరోనా వైరస్‌లను కూడా అది నిరోధించగలదని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లోనే ప్రచురించారు. ఆ సమాచారం సిద్ధంగా ఉన్నందువల్లనే 2020 ఆరంభంలో నేరుగా రోగులపై పరీక్షలు ప్రారంభించడం సాధ్యమైంది. ఆసుపత్రులలో చేరిన 1,062 మందిపై జరిగిన పరీక్షలో కోలుకొనే మధ్యస్థ కాలం 15 రోజుల నుండి 10 రోజులకు తగ్గింది.

ఎమొరీ విశ్వవిద్యాలయంలో పుట్టిన మోల్నుపిరవిర్ మార్గం వేరు. గుర్రాలకు, మానవులకు సోకే వెనెజువెలా మెదడువాపు వైరస్‌పై పరిశోధనలో భాగంగా ఇది అభివృద్ధి చెందింది. ఇది నకలును ఆపదు, తప్పులతో నింపుతుంది. తప్పులు మితిమీరినప్పుడు వైరస్ మనుగడ కోల్పోతుంది. పరీక్షలో ఆసుపత్రి చేరికలు, మరణాలు కలిపి 9.7 శాతం నుండి 6.8 శాతానికి తగ్గాయి. ఉత్పరివర్తనలు కలిగించడమే దీని పని గనుక గర్భిణులకు దీనిని సిఫారసు చేయరు.

పిల్లుల వ్యాధి: చేతికందని చికిత్స

పిల్లులలో సాంక్రమిక ఉదరపొర శోథ సోకినట్లు నిర్ధారణ అయితే మరణం దాదాపు నిశ్చయమనే అభిప్రాయం అర్ధశతాబ్దం పాటు నిలిచి ఉండేది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పశువైద్య శాస్త్రవేత్తలు, విచిటా రాష్ట్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలతో కలిసి రూపొందించిన జి.సి.376 అనే ప్రోటియేజ్ నిరోధకాన్ని వ్యాధి కలుగజేసిన ఎనిమిది పిల్లులకు ఇవ్వగా ఆరు కోలుకున్నాయని 2016లో ప్రకటించారు. ప్రధాన ప్రోటియేజ్‌ను నిరోధించి, జంతువు శరీరంలో ముదిరిన కరోనా వ్యాధిని వెనుకకు మరల్చవచ్చునని ఈ ప్రయోగం స్పష్టంగా నిరూపించింది.

తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన నీల్స్ పెడర్సన్ బృందం రెమ్డెసివిర్‌కు మూలరూపమైన జి.ఎస్.-441524 అనే పదార్థాన్ని సహజంగా వ్యాధిగ్రస్తమైన 31 పిల్లులకు ఇచ్చింది. వ్యాధి తీవ్రంగా ముదిరిన ఐదు మరణించగా, 26 పిల్లులు 12 వారాలు లేదా అంతకు మించిన చికిత్సను పూర్తిచేశాయి. కొన్నింటిలో వ్యాధి తిరగబెట్టినను మోతాదు పెంచి చికిత్సించగా మొత్తం 25 పిల్లులు దీర్ఘకాలం జీవించాయి. ఈ ఫలితాలు 2019 ఫిబ్రవరిలో, అనగా కోవిడ్ బయటపడడానికి పది నెలల ముందు వెలువడ్డాయి.

ఇంతటి ఫలితం లభించినను ఆ మందు పశువైద్యులకు అందుబాటులోకి రాలేదు. దానిని జంతువుల మందుగా నమోదు చేయించేవారు లేకపోవడంతో అనేక దేశాలలో పిల్లుల యజమానులు దొంగ విపణిలో, నాణ్యతకు పూచీ లేని సీసాలను కొనుగోలు చేసి స్వయంగా సూదులు వేసుకున్నారు. బ్రిటన్‌లో 2021లోను, అమెరికాలో 2024లోను పశువైద్యుల సూచనపై దీనిని ప్రత్యేకంగా తయారుచేయించుకొనే వీలు కలిగింది. 2023లో సైప్రస్ ద్వీపంలో ఈ వ్యాధి విజృంభించినప్పుడు అక్కడి ప్రభుత్వం మానవులకోసం నిల్వచేసిన కోవిడ్ మందులను పిల్లులకు వాడడానికి అనుమతించింది. జంతు పరిశోధన నుండి మానవులకు చేరిన విజ్ఞానం ఈ విధంగా తిరిగి జంతువుల చెంతకు వచ్చింది.

పరీక్షపాత్రలో గెలిచి రోగిలో ఓడిన మందులు

విజయాలతో సమానంగా వైఫల్యాలను కూడా విద్యార్థులు అధ్యయనం చేయాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆఫ్రికా కోతి మూత్రపిండ కణాలలో వైరస్‌ను నిరోధించింది. ఆ కణాలలోకి వైరస్ ఆమ్లయుత సంచుల ద్వారా ప్రవేశిస్తుంది. ఈ మందు ఆ ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది. మానవ ఊపిరితిత్తుల కణాలలో మాత్రం వైరస్ వేరొక ఎంజైమ్ సాయంతో కణ ఉపరితలం నుండే ప్రవేశించగలదు. అందువల్ల మందు అడ్డుకొనే ద్వారం అక్కడ వైరస్‌కు అవసరమే లేదు. బ్రిటన్‌లోని రికవరీ పరీక్షలో ఈ మందు తీసుకున్నవారిలో 28 రోజుల మరణాలు 27 శాతం కాగా, సాధారణ చికిత్స పొందినవారిలో 25 శాతం. మందు వల్ల ప్రయోజనం కనిపించలేదు.

హెచ్.ఐ.వి. మందు లోపినవిర్ విషయం కూడా ఇటువంటిదే. అది ప్రోటియేజ్ నిరోధకమే. కాని హెచ్.ఐ.వి. ప్రోటియేజ్ ఆస్పార్టిక్ ఆమ్లంతో పనిచేసేది. కరోనా ప్రోటియేజ్ సిస్టీన్‌తో పనిచేసేది. పేరు ఒకటే అయినంత మాత్రాన ఒక తాళంచెవి మరొక తాళానికి పట్టదు. అదే రికవరీ పరీక్షలో లోపినవిర్ వల్ల కూడా మేలు కలుగలేదు.

పశువులలో పరాన్నజీవుల నిర్మూలనకు నిత్యం వాడే ఐవర్‌మెక్టిన్ ఉదంతం విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. కణవర్ధనంలో వైరస్‌ను తగ్గించిన గాఢత, మానవులకు అనుమతించిన మోతాదుతో రక్తంలో లభించే గాఢతకంటె ఎన్నోరెట్లు అధికం. ఆ భేదాన్ని గమనించక కొన్ని దేశాలలో ప్రజలు పశువుల ఐవర్‌మెక్టిన్‌ను సేవించి విషప్రభావానికి లోనయ్యారు. తరువాత బ్రెజిల్‌లో 1,358 మందిపై జరిగిన పరీక్షలో ఈ మందు ఆసుపత్రి చేరికలను తగ్గించలేదని తేలింది. మోతాదును ప్రస్తావించకుండా ‘ప్రయోగశాలలో నిరూపితం’ అని ప్రచారం చేసే ఏ మందు విషయంలోనైనా, అది పురుగుమందైనా పశువుల మందైనా, ఇదే ప్రశ్న వేయాలి: ఆ గాఢత శరీరంలో లేదా పొలంలో సాధ్యమా?

సమయం, లభ్యత, నిరోధకత

వైరస్ నిరోధక మందులకు కాలమే ప్రధానం. కోవిడ్ సోకిన తొలి రోజులలో వైరస్ వృద్ధి ఉధృతంగా ఉంటుంది. వ్యాధి ముదిరిన తరువాత శరీరపు స్వంత రక్షణ వ్యవస్థ అదుపు తప్పడమే అధిక హాని చేస్తుంది. రెమ్డెసివిర్‌ను ఇంటివద్ద ఉన్న రోగులకు తొలిదశలో మూడు రోజులు ఇచ్చినప్పుడు ఆసుపత్రి చేరికలు 87 శాతం తగ్గగా, ఆలస్యంగా ఇచ్చినప్పుడు ప్రయోజనం స్వల్పం. 2021 ఏప్రిల్, మే నెలలలో భారతదేశంలో పరిస్థితి విషమించిన రోగుల బంధువులు ఈ మందు సీసాలకోసం పరుగులు తీశారు. దొంగ విపణిలో అధిక ధరలు చెల్లించారు. మందు ఎవరికి, ఏ దశలో అవసరమో ప్రజలకు సకాలంలో తెలియజెప్పలేకపోవడం ఆ వేదనను మరింత పెంచింది. శాస్త్ర విషయాలను ప్రజలకు చేరవేసే విస్తరణ విధి ఎంత బరువైనదో ఈ అనుభవం తెలుపుతుంది.

ఉత్పత్తి రంగంలో తెలుగు నేల పాత్ర గణనీయమైనది. హైదరాబాదుకు చెందిన హెటెరో సంస్థ రెమ్డెసివిర్‌ను 2020 జూన్‌లో దేశీయంగా విడుదల చేసింది. అదే సంస్థ తయారుచేసిన నిర్మాట్రెల్విర్ 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హతను పొందింది.

కోళ్ల పెంపకంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందువరుసలో ఉన్నాయి. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ నివారణకు టీకాలు, జీవభద్రతా చర్యలే నేటికీ ఆధారం. యాంటీబయాటిక్‌లు వైరస్‌పై పనిచేయవు. తరువాత తోడయ్యే బాక్టీరియా వ్యాధులకు మాత్రమే, పశువైద్యుని సలహాపై వాడాలి. మానవుల వైరస్ నిరోధక మందులను కోళ్లకు వాడడం మరింత అపాయకరం. బర్డ్ ఫ్లూ వైరస్‌లు అమాంటడైన్‌కు లొంగని స్థితికి చేరడం ప్రపంచం చూచినదే. అమెరికా 2006లో ఇన్‌ఫ్లూయెంజా మందులను కోళ్లు, బాతులు, టర్కీ కోళ్లలో అనుమతికి భిన్నంగా వాడడాన్ని నిషేధించింది. కరోనా మందులకు కూడా ఈ ముప్పు లేకపోలేదు. ప్రధాన ప్రోటియేజ్‌లోని 166వ స్థానంలో కలిగే మార్పు నిర్మాట్రెల్విర్ ప్రభావాన్ని తగ్గించగలదని ఇప్పటికే గుర్తించారు.

ముగింపు

కరోనా వైరస్ నిరోధక ఔషధాల చరిత్రలో వేగంగా జరిగిన పని చివరి అంకం మాత్రమే. పందుల వైరస్ ఎంజైమ్ పటం, అటకెక్కిన సార్స్ అణువు, పిల్లులపై జరిగిన చికిత్సా ప్రయోగాలు, గబ్బిలాల వైరస్‌లపై పరీక్షలు ముందే లేకపోయినచో ఆ రెండేళ్లు సరిపోయేవి కావు. అదే సమయంలో, 2003 తరువాత ఆ అణువును నోటిమాత్రగా మలచి, కనీసం ఆరోగ్యవంతులపై భద్రతా పరీక్షలు పూర్తిచేసి ఉంచినచో 2020లో టీకాలు రాకముందే ఒక మందు చేతిలో ఉండే అవకాశముండేది. ఈ పాఠం పూర్తిగా ఒంటబట్టినట్లు లేదు. భావి మహమ్మారులకు మందులను ముందుగా సిద్ధం చేయడానికి అమెరికా 2022లో తొమ్మిది పరిశోధన కేంద్రాలను నెలకొల్పింది. 2025 మార్చిలో వాటి నిధులను నిలిపివేసింది.

దాహం వేసినప్పుడు బావి తవ్వనారంభిస్తే నీరు అందదు. వ్యాధి లేని సంవత్సరాలలో కోళ్ల, పందుల, దూడల, పిల్లుల వైరస్‌లపై విశ్వవిద్యాలయాలలో సాగే పరిశోధన నాటికి చిన్నదిగా కనిపించవచ్చును. వైరస్ నమూనాలను సేకరించి భద్రపరచడం, వాటి జన్యుక్రమాలను నమోదు చేయడం, ఎంజైమ్‌లను పరీక్షించే పద్ధతులను సిద్ధంగా ఉంచుకోవడం పశువైద్య ప్రయోగశాలలు నిరాటంకంగా కొనసాగించదగిన పనులు. తరువాతి కరోనా వైరస్ ఏ జంతువు నుండి వచ్చునో ముందుగా చెప్పలేము గనుక, ఏ జంతువు వ్యాధిపై జరిగే పరిశోధననూ అనవసరమని పక్కనపెట్టరాదు.